ఫారంలో అడగలేదు, క్లెయిమ్‌లో అడిగారు: ఇద్దరు పెద్దవాళ్ళ అలాస్కా క్రూయిజ్ ఇన్సూరెన్స్ ఫైల్

సియాటిల్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు ఇన్సూరెన్స్ చూసిపెట్టడం నా పని. అందులో ఎక్కువ భాగం ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలకు తీసుకునే విజిటర్ పాలసీలే. ఈ ఫైల్ గత వేసవిది. కుటుంబం ఒప్పుకున్నాకే, గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను. మామూలుగా నాకు వచ్చే ఫోన్ "అన్నా, చవకలో ఏది మంచిది?" అని మొదలవుతుంది. ఈ ఫైల్ మొత్తం చదివితే ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు ఎందుకు చెప్పనో అర్థమవుతుంది.

పెద్దాయనకు 72. తెనాలి వైపు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. షుగర్ ఉంది, అంతకుముందు ఏడాది గుండెకు ఒక స్టెంట్ వేశారు. అమ్మగారికి 68, బీపీ, థైరాయిడ్, మోకాళ్ళ నొప్పులు. ఆరు నెలలు ఉండేలా విజిటర్ వీసా మీద వస్తున్నారు. కొడుకు వాళ్ళకు చెప్పకుండానే సియాటిల్ నుంచి ఏడు రాత్రుల అలాస్కా క్రూయిజ్ బుక్ చేసేశాడు. జూనో, స్కాగ్వే, గ్లేసియర్ బే, కెచికాన్, తిరుగు దారిలో కెనడాలోని విక్టోరియా, అక్కడి నుంచి సియాటిల్. నాకు ఫోన్ చేసేసరికే విజిటర్ ప్లాన్ ఒకటి వెబ్‌సైట్‌లో ఎంచుకుని, డబ్బు కట్టే పేజీ దాకా వెళ్ళి ఆగాడు.

"ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదన్నా. వయసు, పాస్‌పోర్ట్ నంబర్, తేదీలు, అంతే. అంటే నాన్న స్టెంట్‌తో వాళ్ళకు సమస్య లేనట్టేగా?"

ఈ మాట నేను వినీ వినీ ఉన్నాను. ఇండియాలో ట్రావెల్ పాలసీ తీసుకుంటే ప్రపోజల్ ఫారంలోనే పాత జబ్బులు రాయమంటారు, వయసును బట్టి కొన్ని కంపెనీలు వైద్య పరీక్షలు కూడా అడుగుతాయి. ఇక్కడి విజిటర్ ప్లాన్లలో చాలావాటికి ఆ తంతు లేదు. ఎవరికైనా అమ్మేస్తారు. అడగలేదంటే కవర్ చేశారని కాదు, అడగడాన్ని క్లెయిమ్ దాకా వాయిదా వేశారని. ఆసుపత్రి బిల్లు వెళ్ళిన తర్వాత, గత కొన్నేళ్ళ ప్రిస్క్రిప్షన్లు, రిపోర్టులు, డాక్టర్ల పేర్లు అన్నీ పంపమని ఉత్తరం వస్తుంది. అప్పుడు బయటపడేది ముందే మనమే బయటపెట్టుకుని, దానికి సరిపోయే పాలసీ వెతకడం ఒక్కటే దారి. అందుకే పాలసీల పేజీ మూసేయమని, ఇంట్లో మందుల సంచీ మొత్తం ఫోటో తీసి పంపమని అన్నాను. వాళ్ళు ఇంకా తెనాలిలోనే ఉన్నారు కాబట్టి మాస్టారే ఒక్కో షీటూ టేబుల్ మీద పరిచి, పేరూ మోతాదూ కనిపించేలా ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టారు. అమ్మగారి బీపీ మాత్రలో రెండు మందులు కలిసి ఉన్నాయి, అందులో ఒకటి ఒంట్లో నీళ్ళు తీసేసే థయజైడ్ రకం. ఆ మాత్ర సంగతి గుర్తుపెట్టుకోండి.

తర్వాత ఓడ వెళ్ళే దారి చూశాను. ఈ పని చాలామంది ఏజెంట్లు చేయరు, చేయాలి. అలాస్కా ఆగ్నేయ భాగంలో ఊళ్ళన్నీ కొండలకూ నీళ్ళకూ మధ్య ఇరుక్కుని ఉంటాయి. రాష్ట్ర రాజధాని జూనోకే బయటి నుంచి రోడ్డు లేదు, విమానమో పడవో ఎక్కాలి. స్కాగ్వేలో ఆసుపత్రి లేదు, క్లినిక్ ఉంది. గ్లేసియర్ బేలో ఓడ అసలు రేవుకే ఆగదు, మంచు కొండల మధ్య తిరిగి వచ్చేస్తుంది. ఓడలో మెడికల్ సెంటర్ ఉంటుంది, డాక్టరూ నర్సులూ ఉంటారు, ఈసీజీ, ఎక్స్‌రే, కొద్దిపాటి రక్త పరీక్షలు అవుతాయి, సెలైన్ పెడతారు. గుండెపోటు వస్తే మొదటి వైద్యం చేస్తారు గానీ స్టెంట్ వేసే క్యాథ్ ల్యాబ్ అక్కడ ఉండదు. అలాంటి రోగిని చివరికి సియాటిల్‌కి విమానంలో తరలించాల్సి రావచ్చు, ఎయిర్ అంబులెన్స్ బిల్లు లక్ష డాలర్ల దాకా వెళ్ళడం ఈ ప్రాంతంలో వింత కాదు. 2022 నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం ఎయిర్ అంబులెన్స్ బిల్లుల నుంచి ఇక్కడి హెల్త్ ప్లాన్ ఉన్నవాళ్ళను కాపాడుతుంది, విజిటర్ పాలసీ ఉన్నవాళ్ళకు ఆ రక్షణ లేదు.

దారి చూడటంలో ఇంకో లాభం, విక్టోరియా. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవు నుంచి బయల్దేరి అమెరికా రేవుకే తిరిగి రావాలంటే మధ్యలో వేరే దేశం రేవును తాకాలని 1886 నాటి చట్టం ఒకటి ఉంది, అందుకే ఈ క్రూయిజ్‌లు విక్టోరియాలో ఆగుతాయి. సాయంత్రం దిగి కాసేపు తిరిగి ఎక్కేయడమే అయినా, ఇండియన్ పాస్‌పోర్ట్‌కి కెనడా వీసా కావాలి, లేకపోతే సియాటిల్‌లో ఓడే ఎక్కనివ్వరు. కొడుక్కి ఈ విషయం తెలియదు. వీసాకి అప్పుడే అప్లై చేయించాను. ఇన్సూరెన్స్ వైపు నుంచి చూస్తే, ఆ అబ్బాయి ఎంచుకున్న చవక ప్లాన్ అమెరికా లోపల మాత్రమే పనిచేసేది. కెనడా నీళ్ళలోకి ఓడ వెళ్ళిన గంటల్లో ఏదైనా అయితే వాదన మొదలయ్యేది అక్కడే.

ఇక పాలసీ. నా ముందు మూడు దారులు ఉన్నాయి.

మొదటిది ఇండియాలో బయల్దేరేముందు తీసుకునే ట్రావెల్ పాలసీ. మాస్టారు దీనివైపే మొగ్గారు, "మన కంపెనీ అయితే మనం వెళ్ళి అడగొచ్చు" అని. ఆ మాటలో న్యాయం ఉంది. గొడవ వస్తే హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఖర్చు లేకుండా ఫిర్యాదు చేయొచ్చు. కానీ ఆయన తెచ్చిన పాలసీ కాగితంలో 60 దాటినవాళ్ళకు సబ్-లిమిట్ల పట్టిక ఉంది: రోజు గదికి ఇంత, ఐసీయూకి ఇంత, సర్జన్‌కి ఇంత, అంబులెన్స్‌కి ఇంత. పైన పెద్ద అక్షరాల్లో లక్ష డాలర్లు అని ఉంటుంది, లోపల పట్టికలో అంకెలు అమెరికా ఆసుపత్రి ధరల దరిదాపుల్లో ఉండవు. సబ్-లిమిట్లు లేని ఇండియా పాలసీలు కూడా ఉన్నాయి, వెతికి తీసుకుంటే బాగానే ఉంటాయి, కాకపోతే ఆయన వయసుకీ స్టెంట్‌కీ మాకు దొరికినవాటిలో పాత జబ్బుకు ప్రాణాపాయం అయితేనే, అదీ కొద్ది మొత్తమే ఇస్తామన్నారు.

రెండోది క్రూయిజ్ కంపెనీ తానే టికెట్‌తో పాటు అమ్మే ప్లాన్. ఒక్క క్లిక్‌తో అయిపోతుంది కాబట్టి చాలామంది దీంతో సరిపెట్టుకుంటారు. వీటిలో వైద్యం పరిమితి తరచూ 10 వేల నుంచి 25 వేల డాలర్ల మధ్యే ఉంటుంది, పైగా అమెరికాలో నివాసం ఉన్నవాళ్ళకోసం రాసినవి. పెద్దవాళ్ళకు ఇది ఒక్కటే ఉంటే చాలదు.

మూడోది ఇక్కడి విజిటర్ ప్లాన్, అందులోనూ ఫిక్స్‌డ్ రకం కాకుండా కాంప్రహెన్సివ్ రకం. కాంప్రహెన్సివ్ అంటే మొత్తం పరిమితి దాకా బిల్లును బట్టి చెల్లించేది. ఫిక్స్‌డ్ అంటే ఆసుపత్రి ఎంత వేసినా రోజుకు ఇంతే అని ముందే కట్టేసిన లెక్క. ప్రీమియం సగానికి సగం తగ్గుతుంది, అందుకే అమ్ముడుపోతుంది. నేను పెద్దవాళ్ళకు అది ఇవ్వను.

కాంప్రహెన్సివ్‌లోనూ పాత జబ్బు మొత్తానికి కవర్ ఉండదు. అందులో ఉండేది అక్యూట్ ఆన్‌సెట్ అనే క్లాజు. ఉన్న జబ్బే అయినా, హెచ్చరిక లేకుండా హఠాత్తుగా ముంచుకొచ్చి, మొదలైన 24 గంటల లోపల వైద్యం తీసుకుంటే చెల్లిస్తారు. నెమ్మదిగా ముదిరిన దానికి, రెగ్యులర్ చెకప్‌లకు, మందులకు ఇవ్వరు. కొన్ని ప్లాన్లలో ఇంకో మెలిక కూడా ఉంటుంది, ఆ జబ్బుకు గత 30 రోజుల్లో మందు మారినా, మోతాదు మారినా ఆ క్లాజు వర్తించదు. వయసు గీతలు కూడా ప్లాన్‌ను బట్టి మారతాయి: కొన్ని 70 దాటితే ఈ క్లాజే తీసేస్తాయి, కొన్ని 80 దాకా ఇస్తాయి, 80 దాటాక మొత్తం పరిమితి బాగా పడిపోతుంది. మాస్టారికి 72 కాబట్టి సగం ప్లాన్లు అక్కడే పక్కకు వెళ్ళిపోయాయి. మిగిలినవాటిలో పాత జబ్బు కారణంగా విమానంలో తరలించాల్సి వస్తే వేరే చిన్న పరిమితి, కొన్నిటిలో 25 వేల డాలర్లు. ఇది బ్రోషర్‌లో కనిపించదు, పాలసీ పూర్తి పాఠంలో తరలింపు పేజీలో ఉంటుంది. అన్నిటికంటే ఆ పరిమితి ఎక్కువగా ఉన్నదాన్నే ఎంచుకున్నాం. అయినా అది లక్ష డాలర్ల బిల్లుకు సరిపోదని కొడుక్కి సూటిగా చెప్పాను, మిగతా రిస్క్ మీది అని. కొడుకు మాస్టారి కార్డియాలజిస్టుతో మాట్లాడాడు, పరీక్షలు చేయించాడు, నిలకడగా ఉంది ప్రయాణం చేయొచ్చు అని తేదీతో ఉత్తరం రాయించుకున్నాడు. ఆ ఉత్తరం పాలసీ నిబంధనను మార్చదు. కానీ మందులు ఎప్పటినుంచి మారలేదో చెప్పే సాక్ష్యం అదే.

క్రూయిజ్ డబ్బు సంగతి వేరే. విజిటర్ ప్లాన్ వైద్యానికి మాత్రమే, టికెట్ డబ్బు తిరిగి ఇవ్వడం అందులో నామమాత్రం. ఇక్కడ కొడుకూ కోడలూ అమెరికా నివాసులు కాబట్టి తమకోసం ట్రిప్ ఇన్సూరెన్స్ తీసుకోవచ్చు, అందులో వెంట వస్తున్న అమ్మానాన్నలకు జబ్బు చేసి ప్రయాణం ఆగినా వీళ్ళ వాటా డబ్బు వస్తుంది. షరతు ఏంటంటే అమ్మానాన్నల పాత జబ్బులను అడ్డు పెట్టకుండా ఉండాలంటే వెయివర్, అంటే ఆ మినహాయింపును వదిలేస్తామన్న హామీ, కావాలి, అది కావాలంటే మొదటి డిపాజిట్ కట్టిన 14 నుంచి 21 రోజుల లోపల కొనాలి, తిరిగిరాని ఖర్చు మొత్తానికీ కొనాలి. అదృష్టం బాగుండి ఆ గడువు ఇంకా మిగిలి ఉంది. ఆ వారమే తీసుకున్నాడు. పెద్దవాళ్ళ టికెట్ల వాటాకు మాత్రం మేము చూసిన ప్లాన్లలో ఏదీ సరిగ్గా కుదరలేదు, ఆ డబ్బు పోతే పోయిందని లెక్కేసుకున్నారు.

ఎక్కేముందు నేను అందరినీ కూర్చోబెట్టి చెప్పింది ఒకటే. ఓడలో ఏ చిన్న తేడా వచ్చినా ఆ రోజే మెడికల్ సెంటర్‌కి వెళ్ళండి, ఫీజు గురించి ఆలోచించొద్దు. ఓడలో క్యాష్‌లెస్ ఉండదు, ఇన్సూరెన్స్ కార్డు చూపినా బిల్లు మీ గది ఖాతాలో పడుతుంది, తర్వాత మనం రాబట్టుకోవాలి. అమ్మగారు నవ్వి, "ఓడెక్కితే తల తిరగడం మామూలే కదా బాబూ, దానికీ డాక్టరేనా" అన్నారు. దానికీ డాక్టరే అమ్మా అన్నాను.

అందరి కళ్ళూ మాస్టారి గుండె మీదే ఉన్నాయి. ఆయనకు ఏమీ కాలేదు. స్కాగ్వే దాటిన రాత్రి అమ్మగారికి వాంతులు మొదలయ్యాయి, విరేచనాలు కూడా. ఆమె ఎప్పటిలాగే అల్లం, నిమ్మకాయ నీళ్ళతో సర్దుకుంటానన్నారు. కొడుకు వినలేదు, ఆ రాత్రే తీసుకెళ్ళాడు. వాంతి తగ్గే మాత్ర ఇచ్చి పంపారు. మర్నాడు ఓడ గ్లేసియర్ బేలో ఉండగా ఆమె మాట తడబడింది, కోడల్ని వేరే పేరుతో పిలిచారు. మళ్ళీ తీసుకెళ్తే రక్తంలో సోడియం 119 వచ్చింది, 135 నుంచి 145 మధ్య ఉండాల్సింది. వాంతులతో ఒంట్లో ఉప్పు పోయింది, ఆ థయజైడ్ మాత్ర వేసుకుంటూనే ఉన్నారు కాబట్టి ఇంకా పడిపోయింది. ఓడ డాక్టరు సెలైన్ పెట్టి, రాత్రంతా కనిపెట్టుకుని, ఉదయం కెచికాన్ రేవులో అంబులెన్స్‌ని సిద్ధంగా ఉంచమన్నాడు.

ఓడ నుంచే కొడుకు నాకు మెసేజ్ పెట్టాడు. నేను చెప్పిన మొదటి పని, పాలసీ కార్డు వెనక ఉన్న అసిస్టెన్స్ నంబర్‌కి ఫోన్ చేసి కేసు నంబర్ తీసుకోమని. ఆసుపత్రిలో చేరితే 48 గంటల లోపల చెప్పాలి, చెప్పకపోతే చెల్లించేది బాగా కోసేస్తారు. రెండోది, దిగేముందు ఓడ మెడికల్ సెంటర్ నుంచి మూడు కాగితాలు చేతిలో పట్టుకుని దిగమని: రెండు సార్లు చూసిన వివరాలు సమయంతో సహా, ఐటెం వారీ బిల్లు, వైద్య కారణంతో దించుతున్నామన్న ఉత్తరం. ఆ మూడో కాగితం ఇన్సూరెన్స్‌కి ఎంత అవసరమో ఆ 1886 చట్టానికీ అంతే అవసరం. సియాటిల్‌లో ఎక్కి విదేశీ రేవు తాకకుండా కెచికాన్‌లో దిగిపోతే జరిమానా పడుతుంది, మాఫీ అడగడానికి ఆధారం ఆ ఉత్తరమే. నలుగురూ దిగిపోయారు. మాస్టారు ఆమెను వదిలి ఓడలో ఉండనన్నారు.

ఆసుపత్రిలో మూడు రాత్రులు ఉంచారు. సోడియం ఒక్కసారిగా పెంచకూడదు, మెదడుకు ప్రమాదం, గంట గంటకూ చూసుకుంటూ ఎక్కించాలి. బాగైపోయారు. కెచికాన్ విమానాశ్రయం ఎదురుగా వేరే దీవిలో ఉంటుంది, ఫెర్రీలో దాటాలి, వీల్‌చెయిర్‌లో ఆమెను ఫెర్రీ ఎక్కించి, విమానం ఎక్కించి సియాటిల్ తెచ్చుకున్నారు. ఆ నాలుగు టికెట్ల డబ్బూ విజిటర్ ప్లాన్ ఇవ్వలేదు, డాక్టరు ఆదేశించిన తరలింపు కాదు కాబట్టి. అది సరైన నిర్ణయమే, వాదించలేదు.

వాదించాల్సింది తర్వాత వచ్చింది. ఆసుపత్రి బిల్లు 30 వేల డాలర్లకు కాస్త పైన. కంపెనీ పాత రికార్డులన్నీ తెప్పించుకుని, కొన్ని వారాల తర్వాత తిరస్కరిస్తూ ఉత్తరం పంపింది. డిశ్చార్జ్ సమ్మరీలో "థయజైడ్ వల్ల సోడియం తగ్గింది" అని ఒక వాక్యం ఉంది. థయజైడ్ బీపీకి వేసుకునేది, బీపీ పాత జబ్బు, కాబట్టి ఇది పాత జబ్బు ఖాతాలోకి వస్తుంది, వాంతులు మొదలై 24 గంటలు దాటాక చేరారు కాబట్టి అక్యూట్ ఆన్‌సెట్ కూడా కాదు, ఇదీ వాళ్ళ తర్కం. కొడుకు ఫోన్లో వణికిపోయాడు. అమ్మగారు కొడుక్కి ఇంత ఖర్చు తెచ్చానే అని తిండి మానేశారు. నాకు నిజంగా కోపం వచ్చింది, కానీ కోపంతో రాసిన అప్పీల్ పనిచేయదు.

ముందు ఆమె తరఫున కొడుకు మాట్లాడటానికి అనుమతి పత్రం మీద సంతకం పెట్టించాం, అది లేకుండా వాళ్ళు ఫోన్లో ఏమీ చెప్పరు. తర్వాత చికిత్స చేసిన డాక్టర్ని ఒక పేరా రాసివ్వమని అడిగాం: అసలు కారణం ప్రయాణంలో సోకిన కడుపు ఇన్ఫెక్షన్, బీపీ అదుపులోనే ఉంది, మాత్ర దాన్ని ఎక్కువ చేసిందే తప్ప మొదలుపెట్టలేదు. ఆ డాక్టరు వెంటనే రాసిచ్చారు. తెనాలి డాక్టరు నుంచి, ఆ మాత్ర మోతాదు ఏడాదికి పైగా మారలేదని ఇంకో ఉత్తరం. మాస్టారు వాట్సాప్‌లో పంపిన ఫోటోలు తేదీలతో సహా జత చేశాం. వీటన్నిటి మీదా ఓడ మెడికల్ సెంటర్ మొదటి రాత్రి కాగితం పెట్టాం, 9:40కి చూసినట్టు అందులో ఉంది, వాంతులు అదే సాయంత్రం భోజనం తర్వాత మొదలైనట్టు ఉంది. మీరు పాత జబ్బే అన్నా సరే, మొదలైన కొన్ని గంటల్లోనే వైద్యం తీసుకున్నారు, ఇదిగో సమయం అని చూపించాం. అప్పీల్‌లో ముందు వాదన కొత్త జబ్బు అని, ఒప్పుకోకపోతే రెండో వాదన ఇది. రెండూ ఒకే ఉత్తరంలో, ఒకదాని తర్వాత ఒకటి.

కొత్త జబ్బు కిందే ఒప్పుకున్నారు. ఆసుపత్రితో ముందే ఒప్పందమున్న నెట్‌వర్క్ ధరకు తగ్గించిన మొత్తంలో డిడక్టిబుల్, అంటే మొదట మనమే కట్టుకోవాల్సిన భాగం, పోను మిగతాది నేరుగా ఆసుపత్రికి కట్టారు. ఓడ బిల్లు 2 వేల డాలర్లకు కాస్త ఎక్కువ, నెట్‌వర్క్ బయట లెక్కలో కొంత కోసి మిగతాది ఇచ్చారు. కొడుకూ కోడలి ట్రిప్ ఇన్సూరెన్స్ నుంచి వాడుకోని రోజుల డబ్బు వాళ్ళిద్దరిదీ వచ్చింది, కెచికాన్ నుంచి వాళ్ళ విమాన టికెట్లతో సహా. పెద్దవాళ్ళ వాటా రాలేదు, ముందే అనుకున్నట్టే.

ఈ కేసు విన్నవాళ్ళు వెంటనే అడిగేది, మా అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు ఉంది, మెడికేర్ (పెద్దవాళ్ళకు ఇక్కడి ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్) ఉంది, మాకు ఇదంతా అక్కర్లేదుగా అని. అక్కర ఉంది. గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్ళు వరసగా ఉన్నాక 65 దాటినవాళ్ళు డబ్బు కట్టి మెడికేర్ తీసుకోవచ్చు, మంచిదే. కానీ ఓడ అమెరికా రేవులో ఉన్నప్పుడో, రేవుకు ఆరు గంటల దూరం లోపల ఉన్నప్పుడో మాత్రమే ఓడలో వైద్యానికి మెడికేర్ చెల్లించే అవకాశం ఉంది. కరీబియన్ మధ్యలో ఏదైనా అయితే లేదు. మెడికేర్ ఇవ్వనిది పూరించడానికి విడిగా కొనే మెడిగ్యాప్‌లో జి, ఎన్ లాంటి ప్లాన్లు ఉంటే విదేశీ అత్యవసర వైద్యానికి 250 డాలర్లు పోను 80 శాతం ఇస్తాయి, ప్రయాణం మొదలైన 60 రోజుల లోపల మొదలైన జబ్బుకే, జీవితం మొత్తానికి కలిపి 50 వేల డాలర్ల దాకా. తరలింపు సంగతి అందులో లెక్కపెట్టుకోకండి. వాళ్ళకు ఉన్న పెద్ద లాభం వేరే: అమెరికా నివాసులు కాబట్టి అసలైన ట్రిప్ ఇన్సూరెన్స్ వాళ్ళ పేరు మీదే తీసుకోవచ్చు, డిపాజిట్ కట్టిన గడువులోపల కొంటే పాత జబ్బుల వెయివర్ కూడా వాళ్ళకే వస్తుంది. ఆ గడువు దాటాక నాకు ఫోన్ చేస్తే నేను చేయగలిగింది చాలా తక్కువ, దయచేసి బుక్ చేసిన వారంలోనే చేయండి.

మాస్టారు దంపతులు వచ్చే వేసవికి మళ్ళీ వస్తున్నారు. ఈసారి గాల్వెస్టన్ నుంచి మెక్సికో వైపు చిన్న క్రూయిజ్ అనుకుంటున్నారు, టెక్సాస్‌లో కూతురు ఉంది. అమ్మగారి బీపీ మాత్ర మార్చేశారు, థయజైడ్ లేనిది ఇస్తున్నారు. మాస్టారి కార్డియాలజిస్టు కూడా ఒక మందు ఆపుతానన్నారట. ఆపే తేదీ తెలిశాక, దానికి 30 రోజులు దాటేలా ఓడ ఎక్కే తేదీ చూసుకోమని చెప్పాను, కొత్త మందుల ఫోటోలు నిన్ననే వచ్చాయి.